దొరగారి తోక కొరికిందెవరు?

మావయ్య పళ్ళ డాక్టరు. అంచేత ఆయన్ని చూసి మనసారా నవ్విన మనిషి లేడు. నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, కనిపిస్తే ఆయన ఊరుకోడు. బస్సులో పక్కసీటాయన ఆవులించినా చాలు, లోపలికి తొంగిచూసి, "కింద, ఎడమపక్క, చివరి పన్ను... ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగేస్తాడు. ఆయన తర్వాతి స్టాపులో దిగిపోతాడు.

క్లినిక్కుకి వచ్చేవాళ్ళు కూడా ఒక చెయ్యి బుగ్గ మీదా, ఒక కన్ను బయటి గుమ్మం మీదా పెట్టుకునే వస్తారు. మావయ్యని చూడగానే పారిపోకుండా ఎదురొచ్చే ప్రాణి లోకంలో ఒక్కటే ఉంది. అది రిసెప్షన్ గది మూల అద్దాల తొట్టెలో ఉంటుంది. పేరు దొర.

దొర ఫైటర్ చేప. ఒళ్ళు చిటికెన వేలంత. దాని వెనక ఒంటికి రెండింతలుండే తోక, నీలంగా, అంచున ఎర్రగా, ఎక్కడికెళ్ళినా పరివారంలా తరలివస్తుంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి మావయ్య గుమ్మంలో తాళాల గుత్తి గలగలలాడించగానే, దొర ఏ మూల ఉన్నా రయ్యిమని అద్దం దగ్గరికి వచ్చేస్తుంది. ఆయన అద్దం మీద వేలుపెట్టి అటూ ఇటూ జరుపుతాడు. అది వేలు వెంట తిరుగుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆయన మొహం చూస్తే, కాసేపట్లో ఈ మనిషే డ్రిల్లు పట్టుకుంటాడంటే నమ్మబుద్ధి కాదు.

తొట్టెలో ఇంకో ప్రముఖుడు కూడా ఉన్నాడు. ఒక దవడ.

అందరూ తొట్టెలో బుల్లి కోటలు పెట్టుకుంటారు, విరిగిన ఓడలు పెట్టుకుంటారు. మావయ్య పళ్ళు పెట్టుకున్నాడు. డ్రిల్లు మాస్టారని, బడిలో పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకి చేసిన కట్టుడు పళ్ళంత ముచ్చటైన పలువరస తన ముప్ఫయ్యేళ్ళ వృత్తిలో కుదరలేదని మావయ్య మురిసిపోయి, దానికి ప్లాస్టరుతో నకలు పోసి, నోరు బార్లా తెరిచినట్టు తొట్టె మధ్యలో నిలబెట్టాడు. దొర రాత్రిళ్ళు ఆ నోట్లోనే పడుకుంటుంది. మాస్టారు ఒంట్లో ఏ బాధా లేకపోయినా వారానికి రెండుసార్లు వచ్చి, తొట్టెకి ఎదురుగా నిటారుగా కూర్చుని, పక్కన ఎవరుంటే వాళ్ళతో, "ఆ పళ్ళు నావే," అంటాడు. దవడ నొప్పితో మూలుగుతున్నవాళ్ళు ఏమంటారు? ఊఁ అంటారు.

ఈ కాపురంలోకి పేచీ వచ్చింది.

పేచీ అంటే మావయ్య మేనకోడలు. చిన్నప్పుడు పాలగ్లాసు దగ్గర్నుంచి పరుపు దాకా ప్రతిదానికీ పేచీ పెట్టేదని ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయింది. పెద్దయ్యాక అదే గుణానికి ఉద్యోగం కూడా దొరికింది. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. పాత ఉద్యోగం మానేసి కొత్తదాంట్లో చేరడానికి రెండు నెలలు వ్యవధి ఉంటే, కాన్పుకి వెళ్ళిన రిసెప్షన్ అమ్మాయి కుర్చీలో అత్తయ్య ఈమెని కూర్చోబెట్టింది. అత్తయ్య అంటే మావయ్య భార్య. క్లినిక్కులో పళ్ళు మావయ్యవి, మిగతాదంతా అత్తయ్యది.

మొదటి వారమే పేచీకి దొర మీద జాలేసింది. పాపం, ఒంటరి ప్రాణి, పళ్ళు తప్ప తోడెవరూ లేరు. ఆ పైన ఇద్దరే ఇద్దరు: ఒక నత్త, ఒక ప్లాస్టిక్ మొక్క. మర్నాడు చెవికి ఫోను ఆనించుకునే చేపల దుకాణంలోకి వెళ్ళి, "ఆ చారలవి ఐదు ఇవ్వండి," అని తెచ్చి వదిలేసింది. పసుపు ఒళ్ళు, నల్లచారలు. గదిలో కర్టెన్లకి అచ్చం సరిపోయాయి.

మూడో రోజుకి దొర తోక ఎలకలు కొట్టిన కాయితంలా తయారైంది. అంచంతా అరచందమామల్లా చిన్నచిన్న గాట్లు. మావయ్య తాళాలు గలగలలాడిస్తే రాలేదు. మూలకి నక్కి, మొహం గోడకి పెట్టుకుంది. మావయ్య వేలు అద్దం మీదే ఉండిపోయింది.

"నన్ను చూసి దాక్కుందే," అన్నాడు. అచ్చం పేషెంట్లలాగా, అని ఆయన అనలేదు. పేచీకి వినిపించింది.

దుకాణానికి పరిగెత్తింది. ఈసారి ఫోను సంచిలో పెట్టుకుంది.

"ఫైటర్‌తో ఆ చారల టైగర్ బార్బులు వేశారా?" అన్నాడు చేపలాయన, చేతిలో వల అలాగే పట్టుకుని.

"వేశాను."

"ఎవరు చెప్పారమ్మా వెయ్యమని?"

"కర్టెన్లు."

చేపలాయన ఆమెని కింద నుంచి పైదాకా చూశాడు. "మీ జడ పట్టుకుని పొద్దస్తమానం ఐదుగురు లాగుతుంటే ఎలా ఉంటుంది? వేలాడే తోక కనిపిస్తే వీటికి చేతులు దురదపెడతాయి."

"చేతులెక్కడివండీ వీటికి?"

"నోరుందిగా మీకులాగే. తెచ్చెయ్యండి, వెనక్కి తీసుకుంటాను. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి."

విన్నది. రాసుకుంది కూడా. దొరని వేరే డబ్బాలోకి మార్చాలి. నీళ్ళు గోరువెచ్చగా, మెల్లగా కదిలేలా ఉండాలి. రోజూ మూడో వంతు తీసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్ళు అంతే వెచ్చదనంతో పొయ్యాలి. అయొడిన్ లేని ఉప్పు, నాలుగు లీటర్లకి ఒక్క టీ చెంచా, విడిగా కరిగించి కొంచెం కొంచెంగా. పదిరోజులు దాటి ఉప్పు వద్దు. ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే మంచిది. "మందులు మందులని కంగారుపడి ఏదిపడితే అది పొయ్యకండి. తోక అంచు నల్లబడి కుళ్ళుతున్నా, దూదిలా తెల్లగా పట్టినా అప్పుడు రండి. శుభ్రమైన నీళ్ళే సగం వైద్యం."

పదిరోజులు మావయ్య కన్సల్టింగ్ గదిలోనే దొరకి మంచం పడింది. ఎక్స్‌రేలు చూసే లైటు పక్కన పదిలీటర్ల డబ్బా. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య మావయ్య మాస్కు పెట్టుకుని, గ్లౌజు తొడుక్కుని, థర్మామీటరు చూసి, "ఏదీ, నోరు తెరు," అనేవాడు అలవాటుకొద్దీ. అది తెరిచేది. చేప కనక.

"ఈ మురిపెం నామీద ఎప్పుడన్నా చూపించారా?" అంది అత్తయ్య గుమ్మంలో నించుని.

"నీ పళ్ళు బాగానే ఉన్నాయి కదే," అన్నాడు మావయ్య.

పదకొండో రోజు తోక అంచున గాజుపొరలా కొత్త చర్మం కనపడింది. దొరని మళ్ళీ తొట్టెలోకి మార్చారు. అది తిన్నగా మాస్టారి నోట్లోకి వెళ్ళి ఒళ్ళు విరుచుకుంది. అప్పుడు అత్తయ్య కొలతల టేపు తీసి ఆ మూలని అటూ ఇటూ కొలిచింది.

"ఇదే ఆఖరుసారి. మళ్ళీ ఆ చేపకి ఏమన్నా అయిందో, తొట్టె తీసేసి ఇక్కడ మంచినీళ్ళ మెషిన్ పెట్టిస్తాను. క్లినిక్కా, చేపల ఆసుపత్రా ఇది? నిన్న ఒకావిడ లోపలికొచ్చి, డబ్బా చూసి, ‘సారీ, పశువుల డాక్టరనుకోలేదు’ అని వెళ్ళిపోయింది."

మావయ్య తొట్టె వంక చూసి, టేపు వంక చూసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. పేచీ ఆ మొహం చూసి మనసులో ఒట్టేసుకుంది: ఈ తొట్టె కదలడానికి వీల్లేదు. చేసిన వెధవపని తనది.

తొట్టెలోకి మారిన నాలుగో రోజు దొర తోక మళ్ళీ చిరిగింది.

ఈసారి గాట్లు కాదు. ఒకటే చీలిక. బ్లేడుతో కోసినట్టు పొడుగ్గా. పేచీ చటుక్కున తొట్టె లైటు ఆపేసింది.

"లైటెందుకు తీశావు?" అత్తయ్య.

"దొరకి తలనొప్పిగా ఉందిట."

"నీతో చెప్పిందా?"

"మొహం చూస్తే తెలియదూ?"

అత్తయ్య నమ్మలేదు, కానీ ఫోను మోగింది. పేచీ లాప్‌టాప్ తెరిచింది. చారల రౌడీలని పంపించేసి కేసు మూసేశాననుకుంది. ఒక తప్పు దిద్దగానే దాని వెనక ఇంకోటి నవ్వుతూ నించునుంటుందని ఐదేళ్ళ ఉద్యోగంలో వందసార్లు చూసి కూడా! పట్టిక గీసింది. తేదీ, నీళ్ళ వేడి, తిండి, కొత్త చీలిక ఉందా లేదా. రోజుకి ఒక్కటంటే ఒక్కటే మార్చాలి.

మొదట నత్తని అనుమానించారు. అనుమానించింది మావయ్య. "అది ఎప్పుడూ ఏమీ ఎరగనట్టుంటుంది," అన్నాడు. నత్తని గాజు గ్లాసులోకి మార్చారు. మర్నాడు ఇంకో చీలిక. నత్త నిర్దోషి. తర్వాత ప్లాస్టిక్ మొక్కని పీకేశారు. చీలిక. మాస్టారి పళ్ళ వంక మాత్రం ఎవరూ చూడలేదు. ఇంటి పెద్దమనిషిని ఎవరు అనుమానిస్తారు?

దొర మాత్రం చిరిగిన తోకేసుకునే రోజూ మావయ్యకి ఎదురొస్తోంది. పేచీ అత్తయ్య కంటపడకుండా తొట్టె ముందు పళ్ళు తోముకునే విధానం బొమ్మలున్న పెద్ద అట్ట నిలబెట్టింది.

వారం తిరిగేసరికి పట్టికలో ఒక వింత తేలింది. రోజూ చీలికే, ఒక్క ఆదివారం తప్ప. ఆదివారం క్లినిక్కుకి సెలవు. తిండి వెయ్యడానికి పేచీ ఒక్కతే వచ్చింది. ఆ రోజు ఏమేమి లేవు? డ్రిల్లు మోత లేదు. అత్తయ్య ఫోను మాటలు లేవు. మావయ్య లేడు.

"మావయ్యా, రేపు నువ్వు పదకొండింటికి రా."

"పేషెంట్లు?"

"పారిపోవడానికి ఇంకో రెండు గంటలు దొరికాయని దణ్ణం పెట్టుకుంటారులే."

వచ్చాడు పదకొండింటికి. పదిన్నరకి తోక సుబ్బరంగా ఉంది. పదకొండుంబావుకి కొత్త చీలిక.

పేచీ లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "మావయ్యా, ఎలా చెప్పాలో తెలీట్లేదు. కారణం నువ్వే."

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. "నేనా? నేను వేలు కూడా నీళ్ళలో పెట్టనే!" ఆ మొహం చూస్తే ఎవరో ఆయన పన్నే మత్తివ్వకుండా పీకినట్టుంది. "పోనీ, నేను ఇకనుంచి వెనక గుమ్మంలోంచి రానా?"

"ఏడిసినట్టుంది. ఉండు, ఇంకా తేలలేదు," అని పేచీ మర్నాడు పొద్దున్నే వచ్చి, పుస్తకాల మధ్య ఫోను నిలబెట్టి, కెమెరా తొట్టె మీదికి తిప్పింది.

వీడియోని పదిరెట్లు మెల్లగా నడిపించి ఇద్దరూ తలలు ఆనించుకుని చూశారు. దొర మాస్టారి నోట్లో, నాలుక ఉండాల్సిన చోట, హాయిగా పడుకుని ఉంది. తాళాలు గలగలమన్నాయి. దొర ఒళ్ళంతా ఒక్కసారి జివ్వుమంది. మావయ్య వచ్చాడు! గిరుక్కున తిరిగి, తోక విసనకర్రలా విప్పార్చుకుని, పైవరసకీ కిందివరసకీ మధ్యలోంచి దూసుకొచ్చింది. తోక చివర కింది ఎడమ కోరపన్నుకి తగులుకుంది. పర్రుమంది. దొర ఆగలేదు. చిరిగితే చిరిగిందని అద్దం దగ్గరికి వచ్చేసింది.

మావయ్య మెల్లగా కళ్ళజోడు తీశాడు. "నాకోసం వచ్చేటప్పుడు..." అని ఆగిపోయాడు. మరుక్షణం వృత్తి గుర్తొచ్చింది. "అయినా నా పాలిష్‌లో గరుకా? అసంభవం. అద్దంలా చేశానే ఆ పన్ను!"

"సరే, పరీక్ష పెడదాం." తొట్టెలో పెట్టే వస్తువుల మీద నైలాన్ మేజోడు లాగి చూడాలని, దారం తగులుకుంటే తోకా తగులుకుంటుందని చేపలాయన ఎప్పుడో అన్నాడు. చుట్టూ చూసింది. అత్తయ్య సాయంత్రం నడకకి కొనుక్కున్న కొత్త నైలాన్ మేజోళ్ళు బల్ల మీద సంచిలోంచి తొంగిచూస్తున్నాయి. మావయ్యా మేనకోడలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఒక్కటే," అంది పేచీ.

"ఎడమకాలిది తియ్యి. ఆవిడ కుడికాలిదే ముందు తొడుక్కుంటుంది. తెలిసేసరికి కాస్త టైముంటుంది," అన్నాడు మావయ్య. ముప్ఫయ్యేళ్ళ కాపురం.

దవడ తీసి పేషెంటు కుర్చీలో పెట్టారు. మేజోడు పళ్ళ మీదుగా లాగుతూ పోయింది పేచీ. ముందుపళ్ళు, పరవాలేదు. కోరపన్ను దగ్గర దారం పట్టుకుంది. లాగితే సాగింది. ఇంకా లాగితే, మేజోడు మడమ నుంచి వేలి దాకా నిచ్చెన మెట్లలా పోగులు లేచి చిరిగింది.

మావయ్య నెత్తిమీది లైటు వేసి, బుల్లి అద్దం, సూది పట్టుకుని పన్ను చుట్టూ తడిమాడు. గుచ్చాడు. ప్లాస్టరు పొడిలా రాలింది.

"పుప్పి," అన్నాడు చివరికి, చిన్నగొంతుతో.

"ప్లాస్టరుకా?"

"నీళ్ళలో ఉంటే మెల్లమెల్లగా కరిగి గరుకుతేలుతుంది. కాలేజీలో మొదటి ఏడాదిలోనే చెప్పారు మాకు."

"మరి?"

"పరీక్షలో రాశాను కూడా," అన్నాడు మావయ్య, ఇంకా చిన్నగా.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని డ్రిల్లు మాస్టారు వచ్చాడు. రోజూ చూసే చోట పళ్ళు లేవు. గది దాటి వచ్చి చూస్తే, కుర్చీలో లైటు కింద తన నోరు ఒక్కటే, తను లేకుండా, వైద్యం చేయించుకుంటోంది.

"డాక్టరుగారూ! నా పళ్ళకేమైంది?"

పేచీయే చెప్పింది, ఉన్నదున్నట్టు. అంతా అయ్యేసరికి వెనక అత్తయ్య కూడా నించునుంది. పళ్ళు తోముకునే విధానం అట్ట ఆవిడ చేతిలోనే ఉంది. తోక చూసేసినట్టుంది. పేచీ మేజోడుని చటుక్కున దవడ కింద దాచేసింది.

మాస్టారు అందరి మొహాలూ చూశాడు. "అంటే... నా పళ్ళు కరిచాయా?"

"ఒకవిధంగా," అన్నాడు మావయ్య.

"నిజంగానే?"

"తోక చీలిపోయిందండీ," అంది పేచీ. "వారంలో ఆరుసార్లు."

మాస్టారి ఛాతీ కవాతుకి నిలబడ్డట్టు ముందుకొచ్చింది. "పళ్ళ సెట్టు పెట్టించుకున్నప్పట్నుంచీ మా కోడలు నాకు జామకాయ కూడా తురిమి పెడుతోంది. ‘ఈ పళ్ళతో మీరేం కొరుకుతారు మావయ్యగారూ’ అంటుంది! అమ్మాయ్, ఆ వీడియో నా ఫోనుకి పంపించు. ఇప్పుడే. ఆ దవడ కూడా ఇలా ఇచ్చెయ్యండి. ఇంట్లో షోకేసులో పెడతాను. సాక్ష్యం!"

పేచీ మేజోడుని పిడికిట్లోకి లాక్కుంటూనే దవడ ఆయన చేతికిచ్చేసింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని నించున్నాడు.

అందరూ అత్తయ్య వంక చూశారు. అత్తయ్య టేపు తీసింది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఆ దవడ పోయినచోట ఎంత ఖాళీ వచ్చిందో చూస్తున్నా," అంది అత్తయ్య, తొట్టెకి టేపు ఆనించి. "నాలుగైదు బుజ్జి చేపలు పడతాయి. ఆ నోరు చూసి జడుసుకుని గుమ్మంలోంచే వెనక్కిపోయినవాళ్ళెంతమందో మీకేం తెలుసు? మంచినీళ్ళ మెషిన్ వరండాలో పెట్టిస్తాలే. ఈసారి మాత్రం కర్టెన్లని అడక్కుండా కొనవే."

పేచీ మేజోడుని ఎవరూ చూడకుండా మళ్ళీ అత్తయ్య సంచిలో పెట్టేసి, చేపలాయన దగ్గర గంటసేపు కూర్చుంది. సంబంధం చూసినట్టే చూశారు. కుర్రాడు కోపిష్టి. పొడుగు తోకల వాళ్ళొద్దు, పోటీ అనుకుంటాడు. మరో ఫైటర్ అసలే వద్దు. కొరికే అలవాటున్నవాళ్ళొద్దు. ఆఖరికి అడుగున ఇసకలో మూతులు పెట్టుకుని తమ పని తాము చూసుకునే ఆరు బుల్లి జెల్లలు కుదిరాయి. వాటికి ఉప్పు పడదు కనక, దొర పాత డబ్బాలో వైద్యం పూర్తిచేసుకున్నాకే కాపురానికి తెచ్చారు. మాస్టారి నోటి బదులు నున్నటి కుండపెంకు ఒకటి బోర్లించారు.

మూడు వారాలకి తోక అతుక్కుంది. పొద్దున్న తొమ్మిదింటికి తాళాలు గలగలమనగానే దొర పెంకు కిందనుంచి రయ్యిమని, చెక్కుచెదరని తోకతో వచ్చి, మావయ్య వేలు దగ్గర ఆగింది. మావయ్య రెండో చేత్తో కళ్ళజోడు కింద తుడుచుకున్నాడు. దొర చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ సాయంత్రం అత్తయ్య ఎట్టకేలకు మొదటిసారి నడకకి బయల్దేరుతూ రిసెప్షన్ గదిలో కూర్చుని సంచిలోంచి మేజోళ్ళు తీసింది. కుడికాలిది తొడుక్కుంది. ఎడమకాలిది పైకి లాగింది. మడమ నుంచి వేలి దాకా నిచ్చెన.

"కొత్తవి! ఇంకా ఒక్కసారి కూడా తొడుక్కోలేదు!" మేజోడుని జెండాలా పైకెత్తింది. "ఇదెవరు కొరికారు?"

మావయ్య పైకప్పులో ఏదో వెతుక్కున్నాడు. పేచీ లాప్‌టాప్‌లోకి తల దూర్చింది. తొట్టెకి ఎదురుగా కూర్చున్న డ్రిల్లు మాస్టారు మాత్రం లేచి, మడమలు కలిపి, నిటారుగా నించున్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.